ఇటలీలో కుళాయి కారితే కొట్లో ఏమని అడగాలి?

శ్రోతలకు నమస్కారం. చదువుకోడానికి మిలాన్‌కో, రోమ్‌కో వెళ్లి అద్దె ఇంట్లో దిగిన మన పిల్లలకు కుళాయి కారడం, గోడకు కొట్టిన మర ఊడిరావడం తప్పవు. ఆ సామాన్లు అమ్మే కొట్టును అక్కడ ‘ఫెర్రమెంత’ అంటారు. చిన్న కొట్లలో సరుకంతా కౌంటరు వెనకే ఉంటుంది కాబట్టి నోరు తెరిచి అడగాల్సిందే. మధ్యాహ్నం భోజనాల వేళ చాలాచోట్ల తలుపులు మూసేస్తారు.

లోపలికి వెళ్లగానే ముందు ‘బువొంజోర్నొ’ అనండి. పలకరించకుండా సరుకడిగితే మర్యాదగా ఉండదు. ఆపైన ‘మి సెర్వె’, అంటే నాకు కావాలి. ఒక్కటే అయితే ‘సెర్వె’, ఎక్కువైతే ‘సెర్వొనొ’.

పలకడం మనకు కష్టమేమీ కాదు. వాళ్ల త, ద మన త, ద లే. ఇంగ్లీషు అలవాటుకొద్దీ ట, డ చేయకండి. ఒత్తులు మాత్రం మింగేయొద్దు. ‘పాల’ అంటే పార, ‘పల్ల’ అంటే బంతి! రాతలో సి పక్కన హెచ్ కనబడితే ‘చ’ కాదు, ‘క’. మేకులు ‘క్యోది’.

ఇక కుళాయి. ‘ఇల్ రుబినెత్తొ పెర్దె’ అంటే కుళాయి కారుతోందని. తిప్పే రకం పాత కుళాయైతే తరచు అరిగేది రబ్బరు వాషరు, ‘గ్వర్నిత్సియోనె’. ఒకే పిడితో వేడినీళ్లూ చన్నీళ్లూ వచ్చే రకమైతే లోపల నీళ్లను అదుపుచేసే భాగం, కార్ట్రిడ్జ్, ‘కర్తూచ్చ’. ఇందులో 35, 40 మిల్లీమీటర్ల సైజులు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. అందుకే పాతది ఊడదీసి చేత్తో పట్టుకెళ్లి, ‘మె నె సెర్వె ఉన ఉగ్వాలె’ అనండి, ఇలాంటిదే ఒకటి కావాలని. ఊడదీసే ముందు నీళ్లు కట్టేయడం మరవొద్దు. అన్నట్టు, కుళాయి మీద ‘సి’ అని ఉంటే కోల్డ్ అనుకోకండి. అది ‘కాల్దొ’, వేడి. ‘ఎఫ్’ అంటే ‘ఫ్రెద్దొ’, చల్లన.

పైపుల చివర బిగించడానికుండే గాట్లను, అంటే మరలను, అక్కడా అంగుళాల్లోనే చెబుతారు. అరంగుళం ‘మెద్జొ పొల్లిచె’. టేపు పెట్టి కొలిస్తే అది బయటి అంచుకు దాదాపు 21 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ అంకె చూసి ముప్పావంగుళం అనుకుంటే తప్పుడు పైపు ఇంటికొస్తుంది. మర బయటికుంటే ‘మస్క్యొ’, లోపలుంటే ‘ఫెమ్మిన’. నీళ్లు కారకుండా మర మీద చుట్టే పలచటి తెల్ల టేపును, టెఫ్లాన్ టేపును, మర బిగించే దిశలోనే చుట్టాలి, లేకపోతే బిగిస్తుంటే విడిపోతుంది.

గోడ సంగతికొస్తే, మరకు ముందు రంధ్రంలో దిగ్గొట్టే ప్లాస్టిక్ ప్లగ్గు ‘తస్సెల్లొ’. ‘మి సెర్వొనొ దియేచి తస్సెల్లి ద సేయి’ అంటే ఆరు మిల్లీమీటర్లవి పది కావాలని. దానికి డ్రిల్లు బిట్టు కూడా ఆరుదే. బిట్టును ‘పూంత’ అంటారు. లోపలి గోడలు చాలావరకు బోలు ఇటుకలవి, ‘మత్తోని ఫొరాతి’. వాటిలో మామూలు ప్లగ్గు పట్టు దొరక్క గిరగిరా తిరుగుతుంది. ‘పెర్ మత్తోని ఫొరాతి’ అని చెబితే లోపల విచ్చుకునే రకం ఇస్తారు. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో, అంటే కొడుతూ తొలిచే పద్ధతిలో, పెట్టకండి, ఇటుక లోపలి పలచటి గోడలు పగిలిపోతాయి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రాలు పూడ్చడానికి ‘స్తుక్కొ’ అడగండి. ఒకేసారి మందంగా దట్టిస్తే ఎండాక బీటలిస్తుంది. పలచగా రెండుసార్లు పెట్టి, ఆరాక గరుకు కాగితం ‘కార్త వెత్రాత’తో రుద్దాలి.

‘క్వాంతొ ఫా?’ అంటే మొత్తం ఎంతైందని. బిల్లును ‘స్కొంత్రీనొ’ అంటారు, దాచుకోండి. సైజు తప్పితే మర్నాడు అది చూపించి ‘పొస్సొ కంబ్యార్లొ?’, మార్చుకోవచ్చా అని అడగొచ్చు.