ఒక టేకు చేప, ఒక ఎలుక

మిత్రులారా, నమస్కారం. ఈ రోజు రెండు జీవుల గురించి చెబుతాను. ఒకటి ఇండోనేషియాలోని జావా దీవి దగ్గర ఉండిన చిన్న టేకు చేప. రెండోది ఆస్ట్రేలియా ఉత్తర కొసన, టోరెస్ జలసంధిలో బ్రాంబుల్ కే అనే దిబ్బ మీద బతికిన మెలొమిస్ ఎలుక.

రెండింటికీ వెన్నెముక ఉందన్న మాటే గానీ చుట్టరికం చాలా దూరం. టేకు చేప ఒంట్లో గట్టి ఎముకన్నదే ఉండదు. అంతా మృదులాస్థి, మన చెవి డొప్పలో తగిలేలాంటిదే. నోరూ మొప్పల చీలికలూ పొట్టవైపు ఉంటాయి. అందుకే ఇసుకలో పడుకున్నప్పుడు కళ్ళ వెనక రంధ్రాల గుండా నీళ్ళు పీల్చుకుంటుంది. దీనికి దగ్గరి బంధువులు సొర చేపలు. ఎలుకేమో క్షీరదం, కొరికి తినే జంతువులుండే రోడెన్షియా క్రమం. దాని ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ఈ రెండు వంశాలూ విడిపోయి 40 కోట్ల ఏళ్ళు దాటింది. ఆ లెక్కన ఎలుకకు టేకు చేప కన్నా మనమే దగ్గర.

అయినా ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే అంతర్జాతీయ జాబితా, ఐయూసీఎన్ రెడ్ లిస్టులో రెండింటి పేర్ల పక్కనా ఒకటే మాట: అంతరించిపోయింది.

జావా టేకు చేపకు మిగిలిన ఆనవాలు ఒక్కటే, 1862లో జకార్తా చేపల మార్కెట్లో దొరికిన 33 సెంటీమీటర్ల నమూనా. అడ్డూ అదుపూ లేని వేట, తీరం పాడైపోవడం దాన్ని తుడిచిపెట్టాయి. చేపల రేవుల్లో ఎంత వెతికినా మళ్ళీ కనబడలేదు. 2023లో అంతరించిందని ప్రకటించారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఎలుక కథ. ఇళ్ళల్లో తిరిగే చిట్టెలుకదీ దీనిదీ ఒకటే కుటుంబం, మ్యూరిడే. ఎలుకలకేం కొదవ అనుకుంటాం. కానీ ఈ జాతికి ఉన్న చోటల్లా ఆ నాలుగైదు హెక్టార్ల దిబ్బే. అది అలల మట్టానికి మూడు మీటర్లకు మించి ఎత్తు లేదు. సముద్రమట్టం పెరిగి, తుఫాను అలలు మీదికొచ్చి మొక్కలను చంపేశాయి. 2004లో 2.2 హెక్టార్లున్న పచ్చదనం 2014 నాటికి 0.065 హెక్టారుకు పడిపోయింది. ఆ మొక్కలే దాని తిండి, నీడ. ఒక జాలరి 2009లో చూసిందే ఆఖరు. 2014లో పరిశోధకులు, బతికున్నవి దొరికితే పట్టి వేరేచోట పెంచుదామని వెళ్ళారు. బోన్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు, పగలంతా వెతికారు. ఒక్కటీ దొరకలేదు.