గల్ఫ్‌కు పోయేవాళ్లకు, ఇంటికాడ ఉండేవాళ్లకు

శ్రోతలకు నమస్కారం.

గల్ఫ్‌లో ఉన్న మనిషికి ఆపద వచ్చిందని ఇంటికి ఫోన్ వస్తుంది. ఇంటివాళ్లు ఎవరి దగ్గరికి ఉరికినా, ఎంబసీ అయినా, హైదరాబాద్‌లో ఎన్నారై విభాగం అయినా, కలెక్టరాఫీసు అయినా, మొదట అడిగేవి నాలుగే. పాస్‌పోర్టు నంబరెంత, కంపెనీ పేరేంది, అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు అకామా నంబరెంత, ఏ ఊళ్లో ఏ క్యాంపులో ఉంటాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో చాలా ఇళ్లలో వీటికి జవాబు దొరకదు. "దుబాయికి పోయిండు" అంటారు, తీరా చూస్తే మనిషి సౌదీలోని దమ్మాంలో ఉంటాడు. సాయం చేయాలనుకున్నవాళ్లకు కూడా ముందు మనిషి ఎక్కడున్నాడో వెతకడానికే రోజులు పడుతుంది.

అందుకని ఈ పూట పోయేవాళ్లతో పాటు ఇంటికాడ ఉండే తల్లి, భార్య, అన్నదమ్ములు కూడా వినాలి. ఇంట్లో ఒక ఫైలు పెట్టండి. ముప్పై రూపాయల ప్లాస్టిక్ ఫైలు చాలు. అందులో పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ జిరాక్సులు, వీసా, ఉద్యోగ ఒప్పందం, ఏజెంటుకు కట్టిన పైసల రసీదు, ఇన్సూరెన్సు కాగితం, టికెట్టు ఉండాలి. అక్కడికి చేరినంక అకామా గానీ, యూఏఈ అయితే ఎమిరేట్స్ ఐడీ గానీ రెండు వైపులా ఫొటో తీసి పంపించాలి. దాన్ని ఫోన్‌లోనే ఉంచకుండా ప్రింటు తీయించి ఫైలులో పెట్టాలి, ఫోన్ పోతే అన్నీ దానితోనే పోతాయి. క్యాంపులో ఒకే గదిలో ఉండే ఇద్దరి ఫోన్ నంబర్లు కూడా రాసుకోండి. ఒక్కరిదే ఉంటే, ఆయన సెలవు మీద ఇండియాకు వచ్చిన సమయంలోనే అవసరం పడొచ్చు. పాస్‌పోర్టు రెన్యువల్ అయితే నంబరు మారుతుంది. పాత జిరాక్సు తీసేయకుండా కొత్తది దాని మీద పెట్టండి, పాత వీసాలు పాత నంబరు మీదనే ఉంటాయి.

ఇక పోవడం సంగతి. పదో తరగతి పాసైనవాళ్లు పాస్‌పోర్టుకు అప్లై చేసేటప్పుడే మెమో చూపిస్తే ఈసీఆర్ ముద్ర, అంటే పోవడానికి ప్రభుత్వ క్లియరెన్సు కావాలన్న ముద్ర, ఉండదు. పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఆ ముద్ర ఉంటుంది. వాళ్లు సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, ఇరాక్ వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే వలసపోయేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన అధికారి, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్సు కావాలి. ఇది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా జరుగుతుంది. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడా కాదా అన్నది కూడా ఆ సైటులోనే కనిపిస్తుంది, మీసేవలో చూపించమన్నా చూపిస్తారు. ఊరికి వచ్చి పాస్‌పోర్టులు జమ చేసుకుపోయే సబ్ ఏజెంటుకు ఏ లైసెన్సూ ఉండదు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపి 35,400. లక్షో లక్షన్నరో అడిగితే, పైగా రసీదు ఇవ్వనంటే, ఆ పైసలకు రేపు ఎక్కడా లెక్క దొరకదు. అడ్వాన్సు ఇచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

విజిట్ వీసా మీద పొమ్మని, అక్కడికి చేరినంక మార్పిస్తామని చెప్తారు. ఈ మాట నమ్మి పోయినవాళ్లు ఎక్కువ నష్టపోతారు. విజిట్ వీసా మీద పని చేస్తే అక్కడి చట్టం ప్రకారం కూలి మనిషి కూడా తప్పు చేసినట్టే. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి ఒప్పందం ఉండదు, ఇన్సూరెన్సూ ఉండదు. ఆజాద్ వీసా కథా అంతే. వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్ ఒకడు, పని ఇచ్చేవాడు ఇంకొకడు. తనిఖీలో దొరికితే జరిమానా, జైలు, తిరుగు టపా.

ఇన్సూరెన్సు పేరు ప్రవాసీ భారతీయ బీమా యోజన. క్లియరెన్సుతో పోయేవాళ్లకు తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఇది ప్రమాదానికే. గుండెపోటుతో చనిపోతే ఈ 10 లక్షలు రావు. గల్ఫ్‌లో మనవాళ్లు గుండెపోటుతో పోవడం మామూలైపోయింది కాబట్టి, ఇక్కడ విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకోవడం మంచిది. విదేశంలో పని చేస్తున్నట్టు దరఖాస్తులో రాయించండి, దాచిపెడితే క్లెయిమ్ వేళ కొర్రీ పెడతారు. ఈ బీమా యోజన పాలసీ గడువు మూడేళ్లయితే, మూడేళ్లు నిండేలోపు మళ్లీ కట్టాలి. చాలామంది మొదటిసారి ఏజెంటు కట్టిందే జన్మకు సరిపోతుందనుకుంటారు.

ఒప్పందంలో చూడాల్సింది మొత్తం జీతం ఒక్కటే కాదు, బేసిక్ ఎంత అన్నది. పని మానేటప్పుడు వచ్చే సర్వీసు పైసలు యూఏఈలో బేసిక్ మీదే లెక్క. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. ఏడాది నిండకపోతే రాదు. ఇద్దరికీ చేతికి వెయ్యి దిర్హాములే వస్తున్నాయనుకోండి. ఒకరికి వెయ్యీ బేసిక్, ఇంకొకరికి 600 బేసిక్, 400 అలవెన్సులు. మొదటి మనిషికి ఏడాదికి 700 దిర్హాములు జమైతే, రెండో మనిషికి 420 మాత్రమే. ఐదేళ్లకు 1,400 దిర్హాముల తేడా. సౌదీలో లెక్క వేరు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. అయితే రెండేళ్లు నిండకుండా తనంతట తాను రాజీనామా చేస్తే ఏమీ రాదు. సౌదీలో ఒప్పందం కివా అనే సైటులో వస్తుంది, కార్మికుడు తన ఫోన్‌లోనే ఒప్పుకోవాలి. అరబ్బీలో ఉందని ఊరికే ఒప్పుకోకండి, జీతం అంకె, డ్యూటీ గంటలు చదివించుకోండి. సౌదీ ప్రభుత్వ యాప్ అబ్‌షిర్ పాస్‌వర్డు, ఓటీపీ ఫోర్‌మెన్‌కు కూడా చెప్పొద్దు.

ఇప్పుడు పెట్టె సంగతి. సకినాలు, గారెలు, పచ్చళ్లు అందరూ తీసుకుపోతారు, పోవచ్చు. నూనె పచ్చడి చేతి సంచిలో ఒప్పుకోరు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి. మూత మీద ప్లాస్టిక్ కాగితం వేసి, బిగించి, టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టాలి. సీసా నిండా పోయకుండా పైన రెండు వేళ్ల ఖాళీ వదలాలి, లేకపోతే విమానం పైకి పోయినప్పుడు నూనె ఉబికి బట్టలన్నీ పాడైతాయి. ఎండు కొబ్బరి కుడుకలు పెట్టొద్దు. అందులో నూనె ఉండి తనంతట తాను అంటుకునే గుణం ఉందని విమానాల్లో నిషేధం. పవర్ బ్యాంకు పచ్చడికి ఉల్టా, చేతి సంచిలోనే ఉండాలి, 27,000 ఎంఏహెచ్ దాటొద్దు.

అన్నిటికంటే జాగ్రత్త గసగసాల దగ్గర. మన దగ్గర కిరాణా కొట్టులో దొరికే మామూలు సరుకు, బగారా అన్నంలో, కోడికూర మసాలాలో పడుతుంది. కానీ యూఏఈ, సౌదీ వంటి దేశాలు దాన్ని మత్తుమందు మొక్క గింజ కిందే చూస్తాయి. పిడికెడు దొరికినా కేసు. అమ్మకు తెలియక ఇంట్లో దంచిన గరంమసాలా కట్టి ఇస్తుంది, అందులో గసగసాలు ఉన్నాయా అని పోయేవాడు అడగడు. పెట్టె కట్టే ముందు ప్రతి పొడి పొట్లం గురించీ అడగండి. సందేహం ఉంటే తీసేయండి, మసాలా అక్కడా దొరుకుతుంది.

మందులూ అలాంటివే. కొడీన్ కలిసిన దగ్గు సిరప్, ట్రమడాల్ నొప్పి బిళ్లలు, నిద్ర బిళ్లలు, నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, ఇవి అక్కడ కట్టుదిట్టంగా ఉంటాయి. తప్పనిసరిగా వాడేవాళ్లు డాక్టర్ దగ్గర మందు అసలు పేరుతో ఇంగ్లిషులో చీటీ రాయించుకుని, సంతకం, ముద్ర వేయించుకుని, ఆ దేశానికి ముందస్తు అనుమతి కావాలేమో కనుక్కోవాలి. బీపీ, షుగరు మందులు కూడా షీట్ నుంచి విప్పి డబ్బాలో పోయకండి, పేరు కనిపించాలి. ఇక పక్క ఊరి వాళ్లు "మా వాడికి ఈ పొట్లం ఇయ్యి బిడ్డా" అని తెస్తారు. మొహమాటం పడకుండా వాళ్ల ముందే విప్పి, మొత్తం చూసి, మీ చేతితో మళ్లీ కట్టండి. విప్పనీయకపోతే తీసుకోవద్దు. మీ పెట్టెలో దొరికింది మీదే అవుతుంది.

పోయే ముందే ఫోన్ సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ పెట్టించుకోండి. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చింది అదే నంబరు. 90 రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దయ్యే వీలుంది, అప్పుడు ఓటీపీ రాదు, ఖాతా తాళం పడ్డట్టే. రీచార్జి ఇంటివాళ్లు ఇక్కడినుంచి చేయొచ్చు. ఉన్న సేవింగ్స్ ఖాతాను బ్యాంకుకు చెప్పి, విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి, అక్కడి జీతం పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎన్ఆర్ఈ వడ్డీ మీద ఇక్కడ పన్ను పడదు. ఎక్స్ఛేంజిలో పైసలు పంపేటప్పుడు బ్యాంకు బ్రాంచి కోడు ఐఎఫ్ఎస్‌సీలో ఐదో గుర్తు సున్నా, ఓ అక్షరం కాదు. ఇక్కడే పైసలు ఆగిపోతుంటాయి. ఫీజు ఎంత అని కాకుండా, వెయ్యి రియాళ్లు ఇస్తే చేతికి ఎన్ని రూపాయలు పడతాయని అడిగి, రెండు చోట్ల పోల్చి చూడండి. హవాలాలో రేటు నాలుగు పైసలు ఎక్కువే కనబడుతుంది గానీ, అది చట్టవిరుద్ధం. రేపు ఇల్లు కట్టుకునే లోనుకు గానీ, భూమి కొన్నప్పుడు పైసలు ఎక్కడివంటే గానీ చూపించడానికి కాగితం ఉండదు.

భూమి పనికి ఇంటికాడి వాళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలంటే ఎంబసీలో అటెస్టు చేయించి పంపాలి. అది ఇక్కడికి చేరిన 3 నెలల లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు వేయించాలి.

ఎండాకాలంలో బయట పనివాళ్లకు మధ్యాహ్నం విరామం చట్టంగా ఉంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12 నుంచి 3 గంటల వరకు, యూఏఈలో అవే తేదీల్లో 12:30 నుంచి 3 వరకు. చెమటతో ఉప్పు పోయినప్పుడు ఉత్త నీళ్లే తాగితే సరిపోదు. లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో సమంగా కొలిచి కలుపుకోండి. ఉప్పు ఎక్కువైతే అదీ ప్రమాదమే.

కంపెనీతో పడకపోతే చెప్పకుండా వెళ్లిపోయి కల్లివెల్లి కావొద్దు. ఒకసారి పారిపోయినట్టు నమోదైతే రావాల్సిన జీతం అడగడం కూడా కష్టమైతుంది. ముందు అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు, తర్వాత ఎంబసీ. ఇంటివాళ్లు ఇక్కడినుంచి విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయొచ్చు, ఆ శాఖ ఉచిత నంబరు 1800 11 3090. మరోసారి, 1800 11 3090.

చెప్పడానికి నోరు రాని సంగతి, కానీ తెలిసి ఉండాలి. మనిషి అక్కడ చనిపోతే శవాన్ని తెప్పించడానికి ఇంటివాళ్ల సమ్మతి పత్రం కావాలి, భార్య గానీ తల్లిదండ్రులు గానీ రాసివ్వాలి. విషయం రాయకముందే తెల్ల కాగితం మీద ఎవరికీ సంతకం పెట్టొద్దు. రావాల్సిన జీతం, సర్వీసు పైసలు అందులో వదులుకున్నట్టు రాసుకునే అవకాశం ఉంటుంది. 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తున్నది. మరణ ధ్రువపత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు జిరాక్సుతో ఆలస్యం చేయకుండా కలెక్టరుకు దరఖాస్తు పెట్టాలి.

పని ముగించుకుని వచ్చేవాళ్లు లోను, క్రెడిట్ కార్డు, ఫోన్ బిల్లు తీర్చి, బాకీ లేదన్న కాగితం తీసుకున్నాకే టికెట్టు కొనండి. బాకీ కేసు ఉంటే ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. సౌదీలో ఫైనల్ ఎగ్జిట్, అంటే మొత్తానికి దేశం విడిచే వీసా పడ్డాక 60 రోజుల్లో బయలుదేరాలి. సర్వీసు పైసలు ఖాతాలో పడ్డాకే సెటిల్మెంటు కాగితం మీద సంతకం పెట్టండి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెటు అడిగి తీసుకోండి. ఇంటికి వచ్చినంక బ్యాంకుకు పోయి, ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోండి.