చల్లగా ఉన్నప్పుడు సందుంటుంది, వేడెక్కాక తగులుతుంది

అందరికీ నమస్కారం. హెడర్లు, అంటే ఇంజన్‌లోంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల సెట్టు, ఎలా బిగించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాట్లాడబోయేది బిగించేశాక మొదలయ్యే తలనొప్పి గురించి. పాత పోత ఇనుప మానిఫోల్డ్ విప్పేసి, కొత్త గొట్టాలు ఎక్కించి, స్టార్ట్ చేసి ఆ సౌండ్ విని సంబరపడతాం. వారం తిరక్కుండానే ఎక్కడో టకటకమని కొట్టుకోవడం, స్టార్టర్ మొరాయించడం, ప్లగ్ వైరు కాలిన వాసన, ఏదో ఒకటి మొదలవుతుంది.

నా కారు సంగతే చెప్తాను. ఆటోమేటిక్ బండి. గేరులో వేసి బ్రేకు తొక్కి ఆగితే స్టీరింగ్‌లో సన్నగా అదురు, న్యూట్రల్‌లోకి తెస్తే మాయం. రెండు వారాలు ఇంజన్ లోపలే ఏదో పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. చివరికి బండిని స్టాండ్ల మీదికి ఎక్కించి లైటు వేసి చూస్తే, మూడో గొట్టం వంపు మీద బియ్యపు గింజంత మెరుపు కనిపించింది. చుట్టూ అంతా నల్లటి రంగు, ఆ ఒక్క చోట మాత్రం రంగు పోయి ఇనుము తళతళలాడుతోంది. ఎదురుగా స్టీరింగ్ షాఫ్ట్ జాయింటు మీద సరిగ్గా అంతే మచ్చ. అయితే ఆ క్షణంలో ఆ రెండూ తగులుకోవడం లేదు! మధ్యలో నాలుగు కాగితాలు దూరేంత ఖాళీ ఉంది. బిగించిన రోజు నేను చూసి తృప్తి పడింది ఆ ఖాళీనే.

ఇంజన్ ఆగి, చల్లగా ఉన్నప్పుడు మనం కొలిచే సందు అసలు సందు కాదు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, యాక్సిలేటర్ తొక్కగానే ఒక పక్కకి ఒరుగుతుంది. బండి పొడవునా, ముందు నుంచి వెనక్కి అమర్చిన ఇంజన్లలో ఎక్కువ వాటికి, సీట్లో కూర్చున్నవాడి వైపు నుంచి చూస్తే, ఎడమ పక్క పైకి లేచి కుడి పక్క కిందికి దిగుతుంది. రివర్స్ గేరులో దీనికి పూర్తిగా ఉల్టా. ముందు చక్రాలు నడిపే కార్లలో ఎక్కువ వాటికి ఇంజన్ అడ్డంగా ఉంటుంది కాబట్టి అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అందుకే ముందుకు పోయేటప్పుడు ఏ శబ్దమూ లేని బండి, పార్కింగ్‌లోంచి వెనక్కి తీసేటప్పుడు ఠంగుమంటుంది.

దీనికి తోడు వేడి. 800 మిల్లీమీటర్ల పొడవున్న గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కయితే దాదాపు 5 మిల్లీమీటర్లు, స్టెయిన్‌లెస్ అయితే 7 దాకా సాగుతుంది. హెడ్డు వైపు, అంటే ఇంజన్ పై భాగం వైపు, బోల్టులు పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ సాగుదల అంతా గొట్టాలన్నీ ఒక్కటిగా కలిసే కలెక్టర్ వైపుకి, మధ్యలో ఉన్న వంపుల్లోకి పోతుంది. ఆ చివర వెనకాల సైలెన్సర్ పైపు బిర్రుగా కట్టేసి ఉందనుకోండి, సాగడానికి చోటు లేక గొట్టం పక్కకి తోసుకుంటుంది. మీరు వదిలిన 3 మిల్లీమీటర్ల సందు అక్కడే ఖర్చయిపోతుంది. కదలని భాగాల దగ్గర కనీసం 10 మిల్లీమీటర్లు, స్టీరింగ్ లాంటి వాటి దగ్గర ఇంకా ఎక్కువ ఉండేలా చూసుకోవడం నా పద్ధతి.

ఎక్కడ తగులుతోందో తెలుసుకోవడానికి నేను నమ్మేది పిల్లలు ఆడుకునే రంగు మట్టినే. ఇంజన్ పూర్తిగా చల్లారాక, అనుమానం ఉన్న ప్రతిచోటా బొటనవేలంత ముద్ద అంటించండి. ఇంజన్‌ను స్టార్ట్ చేయొద్దు, వేడికి మట్టి కరిగిపోతుంది. మౌంట్లు ఎంతవరకు కదలనిస్తే అంతవరకు ఒక కడ్డీతో అటూ ఇటూ ఊపండి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. స్టీరింగ్ షాఫ్ట్ జాయింటు గుండ్రంగా ఉండదు, తిరిగే కొద్దీ దాని మూలలు బయటికి వస్తాయి, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు మాత్రమే చూస్తే మోసపోతారు. తర్వాత ముద్ద తీసి అడ్డంగా కోసి, ఎంత పలచబడిందో స్కేలు పెట్టి చూడండి. మిగిలిన మందమే మీ నిజమైన సందు, అందులోంచి వేడికి సాగేది కూడా తీసేయాలి.

తగిలే చోటు దొరగ్గానే సుత్తి అందుకుంటారు చాలామంది. దయచేసి ఆగండి. ముందు ఇంజన్ మౌంట్లు చూడండి. రబ్బరు కుంగిపోయిన పాత మౌంట్ వల్ల ఇంజనే ఒక పక్కకి దిగిపోయి ఉంటే, తప్పు హెడర్‌ది కాదు. కొత్త మౌంట్ వేస్తే సమస్య దానంతట అదే పోవచ్చు. మౌంట్ కింద వాషర్లు పెట్టి ఇంజన్‌ను ఎత్తడం గురించి అడుగుతుంటారు, పనిచేస్తుంది కానీ ఫ్యాన్‌కీ దాని చుట్టూ ఉన్న కవరుకీ మధ్య సందు, బానెట్ ఎత్తు, వెనక్కి వెళ్లే షాఫ్ట్ కోణం అన్నీ మారతాయి, వాటన్నిటినీ మళ్లీ చూసుకునే ఓపిక ఉంటేనే ఆ పని చేయండి.

మౌంట్లు బాగుంటే, వెనక సైలెన్సర్ దాకా అన్ని బోల్టులూ వదులు చేయండి. గొట్టాలు తమంతట తాము ఎక్కడ కూర్చుంటాయో కూర్చోనిచ్చి, హెడ్డు దగ్గర నుంచి మొదలుపెట్టి వెనక్కి బిగించుకుంటూ రండి. తగులుతోందని నాకు చూపించిన బళ్లలో కొన్ని ఇంతటితోనే బాగయ్యాయి, కారణం ఏంటంటే బిగించినవాళ్లు వెనక నుంచి ముందుకి వచ్చి గొట్టాన్ని గుంజి పట్టేశారు.

అప్పటికీ తగిలితే సొట్టే మార్గం. ఇక్కడ అందరికీ ఉండే భయం, సొట్ట పెడితే పవర్ పోతుందేమో అని. లెక్క వేసి చూద్దాం. 40 మిల్లీమీటర్ల గొట్టాన్ని ఒక దిక్కున 36కి నొక్కి కోడిగుడ్డు ఆకారానికి తెచ్చారనుకోండి, చుట్టుకొలత మారదు కాబట్టి రెండో దిక్కున అది వెడల్పవుతుంది, లోపల దారి తగ్గేది రెండు శాతం లోపే. 32 దాకా నొక్కినా ఐదారు శాతం. కాబట్టి మెల్లగా, పొడవునా, నున్నగా వచ్చిన సొట్టకి భయపడక్కర్లేదు. లోపలికి పొడుచుకుపోయిన పదునైన గుంట మాత్రం పాడు చేస్తుంది, అక్కడే తర్వాత పగులు కూడా వస్తుంది.

హెడర్‌ను బండి మీదే ఉంచి కొట్టకండి. తగిలే చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, కిందికి దించి, ఫ్లాంజ్‌ను, అంటే హెడ్డుకు ఆనే బోల్టు రంధ్రాల పట్టీని, మందపాటి ఇనుప పలకకు బోల్టులతో బిగించండి, లేకపోతే వేడికి ఫ్లాంజ్ వంకరపోయి గ్యాస్కెట్ పట్టదు. గ్యాస్ టార్చ్‌తో ఆ చోటును ఎర్రబడేదాకా కాల్చి, గుండ్రటి కడ్డీని గొట్టం పొడవునా ఆనించి దాని మీద సుత్తితో కొట్టండి. నేరుగా సుత్తితో కొడితే సుత్తి మొహం అచ్చు పడుతుంది, కడ్డీతో కొడితే చక్కటి లోయలా దిగుతుంది. వెల్డింగ్ అతుకు మీద కొట్టొద్దు. నీళ్లు పోసి చల్లార్చొద్దు, గాలికి వదిలేయండి. సెరామిక్ పూత వేయించాలనుకుంటే ఇదంతా అయ్యాకే వేయించండి, పూత మీద కొడితే పెచ్చులు ఊడిపోతుంది.

ఇదిగో, ఇది నా కారులోంచి తీసిన పాత గొట్టమే, చేతులు మార్చుకుంటూ చూడండి. ఒక పక్క నేను తొందరపడి చల్లగా ఉన్నప్పుడు కొట్టిన గుంట, రెండో పక్క కాల్చి కొట్టినది. వేలు పెట్టి తడిమితే తేడా తెలిసిపోతుంది.

సొట్ట పెట్టదగినది హెడర్ ఒక్కటే. స్టీరింగ్ షాఫ్ట్‌ను గ్రైండర్‌తో అరగదీయడం, ఛాసిస్‌లో ముక్క కోయడం, ఈ రెండూ ఎవరు చెప్పినా చేయకండి. అవి ప్రాణాల మీదికి వచ్చే పనులు. చోటు అసలే లేకపోతే ఆ బండికి ఆ హెడర్ నప్పదన్నట్టే, ఇంకో డిజైన్ వెతుక్కోండి. స్టార్టర్ అడ్డమొస్తే గేర్లున్న చిన్న సైజు స్టార్టర్లు దొరుకుతాయి, ఆయిల్ ఫిల్టర్ అడ్డమొస్తే పొట్టి ఫిల్టర్ ఉంటుంది.

తగలకపోయినా కాల్చేవి ఉంటాయి, ముఖ్యంగా బ్రేకు పైపు. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పీల్చుకున్నాక అది 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. హెడర్ పక్కనే పోతున్న పైపులో ఆయిల్ మరిగి ఆవిరైతే, పెడల్ నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. రేకు అడ్డం పెట్టి ఊరుకోవద్దు, పైపునే పక్కకి జరిపి వేయించండి. పెట్రోలు పైపుకీ ఇదే మాట. స్టార్టర్ విషయంలో వేడెక్కిన రాగి తీగ కరెంటును ఎక్కువ అడ్డుకుంటుంది, వంద డిగ్రీలు పెరిగితే దాదాపు 40 శాతం ఎక్కువ. అందుకే చల్లగా ఉంటే చక్కగా తిరిగే స్టార్టర్, దూరం వెళ్లొచ్చి ఆపి మళ్లీ తిప్పితే మూలుగుతుంది. దానికి మధ్యలో గాలి ఆడేలా రెండు వైపులా ఖాళీ వదిలి పెట్టిన రేకు బాగా పనిచేస్తుంది. గొట్టం చుట్టూ చుట్టే గుడ్డపట్టీ నాకు నచ్చదు. అది తేమను పట్టి ఉంచి మామూలు ఉక్కును తుప్పు పట్టిస్తుంది, పైన ఇంజన్ ఆయిల్ కారి దాన్ని తడిపితే మంట అంటుకుంటుంది కూడా.

అంతా అయ్యాక బండిని పూర్తిగా వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, హెడర్‌ను హెడ్డుకు పట్టి ఉంచే బోల్టులు మళ్లీ బిగించండి, మొదటి వేడికే అవి వదులవుతాయి. అక్కడ లీకు ఉంటే, పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్‌కు బయటి గాలి తగిలి, పెట్రోలు తక్కువైందనుకుని ఇంజన్ ఎక్కువ పోస్తుంది, అది మీరు హెడర్ తప్పనుకుంటారు. నెల తర్వాత ఇంకోసారి బండి కిందికి లైటు పట్టుకుని దూరండి. వెతకాల్సింది బియ్యపు గింజంత మెరుపు కోసం. అనుమానం ఉన్న చోట ముందే నల్ల రంగు పలచగా పూసి ఉంచితే, ఆ మెరుపు తొందరగా కంటబడుతుంది.

మట్టి ముద్దలు బల్ల మీద పెట్టాను. స్టాండు మీద ఉన్న ఆ ఇంజన్‌కు ఒక చోట కావాలనే సందు తక్కువ వదిలాను, ఎక్కడో కనిపెట్టండి చూద్దాం.