ఎర్రని కొండలకు నీలి పేరు

సభకు నమస్కారం.

స్కాట్లాండ్ ఉత్తర ప్రాంతంలో మనం కెయిర్న్‌గార్మ్స్ అని పిలుస్తున్న పర్వతశ్రేణికి, స్కాట్లాండ్ పాత భాషల్లో ఒకటైన గేలిక్ మాట్లాడిన అక్కడి ప్రజలు పెట్టుకున్న పేరు అది కాదు. వారు దానిని ‘మొనగ్ రూఅగ్’ అన్నారు, అంటే ఎర్రని కొండసీమ. స్పే నది లోయకు ఆవలి వైపున్న కొండలు ‘మొనగ్ లీఅ’, బూడిదరంగు సీమ. లోయలో బతికినవారు తమకు ఇరువైపులా కనబడే కొండలను రంగును బట్టి వేరు చేసి పెట్టుకున్న జంట పేర్లివి. తూర్పున ఉన్న గ్రానైట్ రాతికి నిజంగానే ఎర్రని ఛాయ ఉంది. అయితే లోయలోంచి బాగా కనబడే 1,245 మీటర్ల ‘కార్న్ గొరొమ్’ (నీలి కొండ; ఇంగ్లీషు నోట ‘కెయిర్న్ గార్మ్’) అనే ఒక్క శిఖరం పేరు బయటివారి వాడుకలో శ్రేణి మొత్తానికీ అంటుకుపోయి, ఎర్రని కొండలు కాస్తా నీలి కొండలైపోయాయి.

నీలి అన్నాను గాని, అదీ సగమే నిజం. ‘గొరొమ్’ దూరపు కొండ నీలిమకూ చెల్లుతుంది, ఏపుగా పెరిగిన గడ్డి రంగుకూ చెల్లుతుంది. పసుపునూ ఆకురంగునూ కూడా ‘పచ్చ’ అనే మనకు ఇందులో వింతేమీ తోచదు. తళతళలాడే ఆకుపచ్చకు గేలిక్‌లో ‘ఊఅన్యె’ అనే మాట విడిగా ఉంది.

ఈ మాటలు కవుల సృష్టి కావని నా అభిప్రాయం. పశువులు కాసేవారికి, వేటగాళ్లకు దారి చెప్పడానికి అక్కరకొచ్చిన మాటలివి. ‘మ్యావుల్’ అంటే గుండ్రటి కొండ, ‘స్గూర్’ అంటే మొనదేలిన రాతి శిఖరం. ‘కొరె’ అంటే కాగు. హిమానీనదాలు తొలిచిన అలాంటి గుంటల్లో మంచు వేసవి దాకా నిలుస్తుంది కనుక, ఒకదానికి మంచు కాగు అనే పేరే ఉంది.

19వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డినెన్స్ సర్వే పటాలు గీసినప్పుడు ఈ పేర్లలో చాలావాటి రూపం మారింది. లారిగ్ గ్రూ కనుమకు పడమటగా ఒకే వరుసలో నిలిచిన మూడు శిఖరాలను చూడండి. నడుమనున్న 1,291 మీటర్ల కొండ పేరుకు ధాన్యపు కొట్టు కొండ అని అర్థం. చెవికి వినబడినట్టు రాయడంతో అది ‘కెయిర్న్ టూల్’ అయింది. ఆ అక్షరాల్లో కొట్టు జాడే లేదు. దక్షిణాన ఉన్నదానికి గేలిక్ పేరు దయ్యపు పురుషాంగం. విక్టోరియా మహారాణి అర్థం అడిగితే ఆమె సేవకుడు జాన్ బ్రౌన్ మొహమాటపడి ‘డెవిల్స్ పాయింట్’ అన్నాడని ఒక కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, పటంలో నిలిచింది ఆ మర్యాదపేరే. అక్కడితో ఆగలేదు. దయ్యానికి జోడుగా ఉత్తరపు శిఖరానికి ఎవరో ‘ఏంజెల్స్ పీక్’ అని పేరుపెట్టారు. దాని అసలు పేరుకు పచ్చని చిన్న కొలను శిఖరం అని అర్థం, ఆ కొలను ఇప్పటికీ దాని కిందనే ఉంది. దేవదూతకు మాత్రం ఆ కొండతో ఏ సంబంధమూ లేదు.

ఈ శ్రేణికి తూర్పున, డీ నది ఎగువ లోయలో, అక్కడి గేలిక్ యాసను పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషి 1984లో కన్నుమూశారు. అందువల్ల ఆ లోయ పేర్లకు అర్థం తేల్చాలంటే పటంలోని అక్షరక్రమం ఒక్కటే చాలదు. అంతకుముందే పెద్దల నోట విని పరిశోధకులు రాసుకున్న ఉచ్చారణలను పక్కన పెట్టుకుని చూడాలి.