వరుసగా ఓడిపోతున్న పిల్లల బాస్కెట్‌బాల్ జట్టు: ముందు సరిచేయాల్సింది షూటింగ్ కాదు

[తెర మీద: ఉదయం పూట స్కూలు సిమెంటు కోర్టు, వెనకాల కొండలు. పిల్లలు బూట్లు కట్టుకుంటున్నారు.]

నమస్కారం. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం చుట్టుపక్కల స్కూళ్లలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతున్న పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, సాయంత్రాలు వచ్చి సాయం చేసే సీనియర్ పిల్లలకు ఈ వీడియో. జట్టు ఆడిన ప్రతిచోటా ఓడిపోతోంది. స్కోరు చెప్పుకోవడానికే పిల్లలకు మొహం చెల్లడం లేదు. ఒక్కొక్కరే ప్రాక్టీసు మానేస్తున్నారు. ఇలాంటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది వెంటనే షూటింగ్ మీద పడతారు. బాస్కెట్లు పడటం లేదు కాబట్టి షూటింగే లోపం అనుకోవడం సహజం. కానీ ఒకసారి లెక్క చూడండి. తర్వాతి మ్యాచ్‌లో బెంచీ మీదున్న పిల్లకి ఒక నోటుబుక్కు ఇచ్చి, పేజీని రెండు భాగాలు చేయించండి. బంతి మన చేతికొచ్చి షాట్ దాకా వెళ్తే ఎడమవైపు గీత. షాట్ వేయకుండానే పోతే కుడివైపు గీత. పాస్ మధ్యలో తెగిపోవడం, ట్రావెలింగ్ (బంతి పట్టుకుని నడిచేయడం), డబుల్ డ్రిబుల్ (బంతిని నేలకు కొట్టడం ఆపి మళ్లీ మొదలుపెట్టడం), బంతి లైను దాటిపోవడం అన్నీ కుడివైపే వస్తాయి.

[తెర మీద: నోటుబుక్కు పేజీ. కుడివైపు గీతలు నిండిపోయాయి.]

వెనకబడిన జట్టుకు దాదాపు ఎప్పుడూ కుడివైపే నిండుతుంది. అంటే మన పిల్లలు షాట్లు తప్పడం లేదు, అసలు షాట్ దాకా వెళ్లడం లేదు. పైగా పాస్ తెగితే అవతలివాళ్లు ఒంటరిగా పరుగెత్తి రింగ్ దగ్గరనుంచే లేఅప్ వేసేస్తారు. నష్టం రెండింతలు. అందుకే నేను ముందు పట్టుకోమనేది ఒక్కటే: బంతి అందుకుని ఆగడం.

[తెర మీద: స్లో మోషన్‌లో ఒక అమ్మాయి కాళ్లు.]

ఇద్దరిద్దరుగా నిలబెట్టండి, మధ్య నాలుగు మీటర్ల దూరం చాలు. అందుకునే పిల్ల బంతి కోసం నిలబడి ఎదురుచూడకూడదు, బంతికి ఎదురెళ్లాలి. చిన్నగా ఎగిరి, గాల్లోనే రెండు చేతులతో పట్టుకుని, రెండు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనించాలి. మోకాళ్లు వంగి ఉండాలి. బంతి గడ్డం కిందికి రావాలి, మోచేతులు బయటికి ఉండాలి. అప్పుడే తలెత్తి చూడాలి. సిమెంటు కోర్టు మీద మీకు ఒక సౌకర్యం ఉంది, చెవితోనే కనిపెట్టవచ్చు. ఠప్ అని ఒకే చప్పుడు రావాలి. ఠప్-ఠప్ అని రెండు వస్తే మళ్లీ చేయించండి. రెండడుగులుగా ఆగడం తప్పేమీ కాదు, కానీ మొదట ఆనిన కాలే పివట్ అవుతుంది, అంటే నేలకు ఆనించి ఉంచి దాని మీద తిరగాల్సిన కాలు. కొత్త పిల్లలు కంగారులో ఆ కాలే ఎత్తి డ్రిబుల్ మొదలుపెడతారు, విజిల్ పడుతుంది. రెండూ ఒకేసారి ఆనితే ఏ కాలునైనా పివట్ చేసుకోవచ్చు. పివట్ కాలు ఎత్తి పాస్ ఇవ్వవచ్చు, షాట్ వేయవచ్చు, ఆ కాలు మళ్లీ నేలకు తగిలేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోతే చాలు. డ్రిబుల్‌కి మాత్రం బంతి ముందు వదలాలి, కాలు తర్వాత ఎత్తాలి. ఈ తేడాను పిల్లల చేత చేయించి చూపించండి, ఉపన్యాసం వద్దు.

ఇక పెద్ద స్కోరు తేడాలకు అసలు కారణం, ఫుల్ కోర్ట్ ప్రెస్. అవతలివాళ్లు బాస్కెట్ వేసి వెనక్కి వెళ్లరు, అక్కడే మీద పడతారు. బయటినుంచి బంతి లోపలికి ఇవ్వడానికి 5 సెకన్లు, సగం కోర్టు దాటడానికి 8 సెకన్లు. మన పిల్లవాడు భయంతో పక్క లైను వెంబడి డ్రిబుల్ చేస్తాడు. వాళ్లకు కావాల్సిందీ అదే. మూలకు నెట్టి ఇద్దరు కమ్మేస్తారు.

[తెర మీద: కోర్టు బొమ్మ. బంతి దగ్గర ఇద్దరు డిఫెండర్లు ఎర్ర చుక్కలు. మిగతావాళ్లు నీలం చుక్కలు.]

ఇక్కడ బొమ్మ ఆపి పిల్లల చేతే లెక్క పెట్టించండి. ఒకడి మీద ఇద్దరు పడ్డారు. మిగిలింది వాళ్లు ముగ్గురు, మనం నలుగురం. ఎవరో ఒకరు ఖాళీగా ఉన్నట్టే కదా! ఆ మాట పిల్లల నోటినుంచి వస్తే సగం టెన్షన్ పోతుంది. జట్టులో బంతి బాగా పట్టే పొడుగు పిల్లని కోర్టు మధ్యలో నిలబెట్టండి, చేతులు పైకెత్తి, బంతివైపు తిరిగి. పక్కనుంచి మధ్యకి పాస్, మధ్యనుంచి రెండోవైపుకి పాస్. అంతే. ప్రాక్టీసులో ఐదుగురి మీద ఏడుగురిని ప్రెస్‌కి పెట్టి, డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధించి, పాసులతోనే సగం దాటమనండి. మొదట గోలగోలగా ఉంటుంది. ఓపిక పట్టండి. ఏడుగురి మధ్యలోంచి వచ్చిన పిల్లలకు మ్యాచ్‌లో ఐదుగురు తక్కువే అనిపిస్తారు.

మన సరిహద్దు ఊళ్ల సంగతి ఒకటి ఉంది. ఒకే జట్టులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా వాళ్లు, కోందుల భాష కుయి మాట్లాడేవాళ్లు ఉంటారు. మనం ధారాళంగా తెలుగులో చెప్పుకుంటూ పోతే పాపం ఒకరిద్దరు తల ఊపుతారు గానీ ఏమీ అర్థం కాదు. ఆ పిల్లలను మందబుద్ధి అనుకోకండి. ముందు చేసి చూపించండి. కోర్టులో అరవడానికి బాల్, హెల్ప్, బ్యాక్ అని మూడు పిలుపులు అందరికీ ఒకటే పెట్టండి.

డిఫెన్స్‌లో మ్యాన్-టు-మ్యాన్, అంటే ఒక్కొక్కరు ఒక్కొక్కరిని కాచుకోవడం నేర్పండి. చిన్న పిల్లలు దూరంనుంచి వేయలేరు కాబట్టి మనిషిని కాకుండా చోటును కాచేలా రింగ్ ముందు జోన్ కట్టి నిలబెడితే ఒకటి రెండు మ్యాచ్‌లు గెలవవచ్చు, నిజమే. కానీ తన మనిషిని కాచుకోవడం పిల్ల ఎప్పటికీ నేర్చుకోదు. పన్నెండేళ్ల వయసులో ఆ బేరం వద్దు.

[తెర మీద: గోడకు బిగించిన సైకిల్ రిమ్.]

పదేళ్లలోపు పిల్లలుంటే రింగ్ ఎత్తు చూడండి. పెద్దల రింగ్ 3.05 మీటర్లు, మినీ బాస్కెట్‌బాల్‌కి 2.60 మీటర్లు, బంతి 5వ సైజు. పెద్ద రింగ్‌కి చిన్నపిల్ల నడుం దగ్గరనుంచి విసరాల్సి వస్తుంది, ఆ అలవాటు తర్వాత వదలదు. చిన్నపిల్లల సైకిల్ పాత రిమ్ చువ్వలు తీసేసి, వెల్డింగ్ షాపులో రెండు ముక్కలు అతికించి గోడకు బిగించండి. 5వ సైజు బంతి అందులోంచి సులువుగా పడుతుంది.

బూట్ల సంగతీ పట్టించుకోండి. అమెరికాలో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ జట్టుకు 1964–75 మధ్య 10 జాతీయ టైటిళ్లు తెచ్చిన కోచ్ జాన్ వుడెన్ సీజన్ మొదట్లోనే సాక్సులు ముడత లేకుండా ఎలా వేసుకోవాలో నేర్పేవారు. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ వస్తే ప్రాక్టీసు పోతుంది. స్కూలు కాన్వాసు బూట్లతో సిమెంటు మీద పరుగెత్తే మన పిల్లలకు ఇది ఇంకా అవసరం.

తప్పు చేసిన పిల్లని ఆ క్షణమే బెంచీకి పిలవకండి. అలా చేస్తే ప్రతి పాస్ తర్వాతా రింగ్‌వైపు కాకుండా మీ మొహంవైపు చూస్తుంది. మార్చాలనుకుంటే కాసేపు ఆగి మార్చండి, పక్కన కూర్చోబెట్టుకుని ఏం కనిపించిందో అడగండి. "ఏం చూశావమ్మా అక్కడ?" అంటే పిల్ల చెబుతుంది. అందులోంచే రేపటి ప్రాక్టీసు దొరుకుతుంది.

టోర్నమెంటుల కోసం ఎదురుచూస్తే ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు కూడా దొరకవు. రాయగడ నుంచి రైలెక్కితే పార్వతీపురం దగ్గరే. మీ స్థాయి స్కూలు జట్టును వెతికి ఫ్రెండ్లీ పెట్టుకోండి.

[తెర మీద: టైమౌట్. పిల్లలు చుట్టూ చేరారు, నీళ్ల సీసాలు.]

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా నిబంధనల్లో మొదటి సగంలో 2 టైమౌట్లు, రెండో సగంలో 3, ఒక్కోటి ఒక నిమిషం. ప్రెస్ పడి వరుసగా రెండుసార్లు బంతి పోయిందంటే మూడోసారి దాకా ఆగకండి, టైమౌట్ అడిగేయండి. ముందు నీళ్లు తాగనివ్వండి. తర్వాత ఒక్కటే మాట: మధ్యలో ఎవరు నిలబడతారు? పిల్లలే పేరు చెప్పాలి. చెప్పాక కోర్టులోకి పంపించండి.