కంటైనర్ ఆపితే సర్వర్ ఎందుకు మూగబోతోంది?

యాంకర్: కంటైనర్లు, అంటే ఒకే సర్వర్లో విడివిడిగా నడిచే చిన్న వ్యవస్థలు, వాటిని నడిపే లైనక్స్ సర్వర్ల మీద మీ ప్రశ్నలు కొనసాగుతున్నాయి. విశాఖ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

కాలర్ (విశాఖ): నమస్తే అండీ. కొత్త సర్వర్ మీద పదిహేను కంటైనర్లు పెట్టాం, అన్నీ ఒకే బ్రిడ్జికి, అంటే సర్వర్ లోపలి సాఫ్ట్‌వేర్ స్విచ్‌కి తగిలించాం. ఉన్నట్టుండి సర్వర్ మొత్తం అరనిమిషం పలకదు. దూరం నుంచి సర్వర్లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ బిగుసుకుపోతుంది, మళ్ళీ దానంతటదే వస్తుంది. కేబుల్ మార్చాం, స్విచ్‌లో పోర్టు కూడా మార్చాం.

నిపుణుడు: కేబుల్ జోలికి వెళ్ళకండి. దానికి ముందు ఏదైనా కంటైనర్ ఆపడం గానీ, స్టార్ట్ చేయడం గానీ జరిగిందా?

కాలర్: ఆపినప్పుడేనండీ. అదీ కొన్నింటికే.

నిపుణుడు: కంటైనర్‌ని బ్రిడ్జికి కలిపే సాఫ్ట్‌వేర్ కేబుళ్ళు, అదే వీఈత్ జతలు, మీ స్క్రిప్టే తయారుచేస్తోందా?

కాలర్: అవునండీ. పాత సర్వర్లోనూ అదే స్క్రిప్టు, అక్కడ ఎప్పుడూ రాలేదు.

నిపుణుడు: రెండు సర్వర్ల నెట్‌వర్క్ కార్డుల మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కార్డు హార్డ్‌వేర్ చిరునామా, అందులో మొదటి రెండక్షరాలు చదవండి.

కాలర్: ఒక్క నిమిషం... పాతది 00. కొత్తది ఏ0.

నిపుణుడు: అదీ సంగతి. బ్రిడ్జికి మనం మ్యాక్ ఇవ్వకపోతే, తనకు తగిలించిన పోర్టులన్నిట్లో చిన్న మ్యాక్ ఏదో దాన్ని పెట్టుకుంటుంది. వీఈత్‌కి లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఏదో ఒక మ్యాక్ వేస్తుంది. దాని మొదటి బైటు, అంటే మొదటి రెండక్షరాలు, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా సాగే హెక్స్ లెక్కలో 02, 06, 0ఏ అలా నాలుగేసి పెరుగుతూ ఎఫ్‌ఈ దాకా, మొత్తం 64 రకాలు. మీ ఏ0 కంటే చిన్నవి అందులో 40. పాత కార్డుది 00 కాబట్టి దాన్ని ఏ వీఈతూ దాటలేదు. స్క్రిప్టు బాగుండి కాదు, కార్డు వల్ల గట్టెక్కారు. ఎల్‌ఎక్స్‌సీ అనే కంటైనర్ సాధనం అయితే హోస్ట్, అంటే సర్వర్ వైపు మ్యాక్‌ని తనే ఎఫ్‌ఈతో మొదలయ్యేలా మార్చేస్తుంది, ఈ గొడవ రాకూడదనే.

యాంకర్: మరి స్టార్ట్ చేసినప్పుడు ఎందుకు తెగడం లేదు?

నిపుణుడు: కంటైనర్ లేచి బ్రిడ్జి మ్యాక్ మారినా, కార్డు పాత మ్యాక్ బ్రిడ్జిలోనే ఉంటుంది. ఆ పేరుతో వచ్చిన ప్యాకెట్టునీ తీసుకుంటుంది. ఈలోగా బయటి నెట్‌వర్క్‌కి దారి అయిన గేట్‌వే తన ఏఆర్‌పీ పట్టికలో, అంటే ఏ ఐపీకి ఏ మ్యాక్ అని రాసుకునే చోట, కొత్త మ్యాక్ రాసుకుంటుంది. కంటైనర్ ఆపగానే ఆ వీఈత్ మాయం. గేట్‌వే మాత్రం ఆ లేని మ్యాక్‌కే పంపుతూ ఉంటుంది. మన సర్వర్ మళ్ళీ ఏఆర్‌పీ అడిగేదాకా అంతే.

కాలర్: ఇదేనని తేల్చుకోవడం ఎలాగండీ?

నిపుణుడు: ఎస్‌ఎస్‌హెచ్‌లో చూడొద్దు, అది కూడా ఆగిపోతుంది. సర్వర్ కన్సోల్లో 'ఐపీ మానిటర్ లింక్' కమాండ్ నడిపి, ఒక్కో కంటైనర్ ఆపండి. బ్రిడ్జి వరసలో మ్యాక్ మారడం కళ్ళముందే కనిపిస్తుంది. తర్వాత 'ఐపీ లింక్ సెట్' తో బ్రిడ్జికి కార్డు మ్యాకే ఇచ్చేయండి. చేత్తో ఇచ్చాక అది ఇక చిన్నదాన్ని వెతుక్కోదు. మారిన వెంటనే 'ఏఆర్‌పింగ్' కమాండ్‌కి పెద్ద అక్షరం యూ ఆప్షన్ పెట్టి, సర్వర్ సొంత ఐపీతో మూడుసార్లు పంపండి, గేట్‌వే సరిదిద్దుకుంటుంది. అదే మ్యాక్‌ని నెట్‌వర్క్ కాన్ఫిగ్ ఫైల్లోనూ రాయండి, లేకపోతే రీబూట్‌తో మళ్ళీ మొదటికొస్తుంది.

యాంకర్: తర్వాత కరీంనగర్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (కరీంనగర్): సార్, మాది వేరే రకం. సాయంత్రం రద్దీ పెరిగితే కొత్తవాళ్ళకి సైటు తెరుచుకోదు. అప్పటికే కనెక్టయిన వాళ్ళకి మాత్రం బాగానే నడుస్తుంది. కంటైనర్లకి నాట్, అంటే అన్నీ ఒకే బయటి ఐపీ వాడుకునే ఏర్పాటు పెట్టాం.

నిపుణుడు: పాతవి నడిచి కొత్తవి ఆగితే ముందు కాన్‌ట్రాక్ పట్టిక, అంటే కెర్నెల్ కనెక్షన్లన్నీ రాసుకునే చోటు చూడాలమ్మా. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో 'టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్' అని ఉందా?

కాలర్: బోలెడు వరసలున్నాయి సార్.

నిపుణుడు: హోస్ట్ మీద కాన్‌ట్రాక్ కౌంటు అంటే ఇప్పుడున్నవి, మ్యాక్స్ అంటే పరిమితి, రెండూ పక్కపక్కన చూడండి. మ్యాక్స్‌ని 262144 చేయండి, కంటైనర్ లోపల నుంచి మారదు. ఇంకొకటి, ఎస్టాబ్లిష్డ్ కనెక్షన్ గడువు మామూలుగా 432000 సెకన్లు, అంటే ఐదు రోజులు! చెప్పకుండా పోయిన ఫోన్ల కనెక్షన్లన్నీ అన్నాళ్ళూ చోటు ఆక్రమించుకుని ఉంటాయి. 86400కి దించండి. మ్యాక్స్ ఒక్కటే పెంచితే కొన్నాళ్ళకి మళ్ళీ నిండుతుంది.

యాంకర్: సమయం తక్కువుంది. నెల్లూరు, త్వరగా చెప్పండి.

కాలర్ (నెల్లూరు): ఒక కంటైనర్ కాపీ చేశాక రెండూ వంతులేసుకుని ఆగిపోతున్నాయండీ.

నిపుణుడు: కాన్ఫిగ్‌లో మ్యాక్ వరస కూడా కాపీ అయింది, చూసుకోండి. స్విచ్ ఆ మ్యాక్‌ని ఒకసారి ఈ పోర్టులో, ఒకసారి ఆ పోర్టులో చూస్తోంది.

కాలర్: మ్యాక్ మారిస్తే చాలా?

నిపుణుడు: ఐపీ కూడా అదే ఉంటే చాలదు. కొత్త ఐపీ ఇచ్చేముందు, అది వేరేవాళ్ళ దగ్గర లేదని ఏఆర్‌పింగ్‌కి పెద్ద డీ ఆప్షన్ పెట్టి చూసుకోండి.