రాయడానికి విషయం దొరకట్లేదా? వరద రోజు టీకొట్టు దగ్గర నిలబడండి

నమస్కారమండి. "వ్యాసాలు రాయాలని ఉంది, టాపిక్ దొరకట్లేదు" అని ఎవరైనా అంటే వెంటనే వచ్చే సలహా ఒకటుంది. ఇప్పుడు ఏది ట్రెండ్ అవుతోందో చూడు, గూగుల్‌లో పైనున్న నాలుగు వ్యాసాలు చదువు, అవి కలిపి ఐదోది రాయి. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ నాలుగింటిలో తప్పుంటే ఐదోదాంట్లోనూ అదే తప్పు ఉంటుంది. చదివినవాళ్లకు కొత్తగా ఒక్క ముక్క కూడా దక్కదు.

మనందరికీ తెలిసిన గోదారి వరదనే తీసుకుందాం. ఈ వీడియో అంతా దాన్నే పట్టుకుని వెళ్తాను.

[తెరపై: ధవళేశ్వరం బ్యారేజీ, ఎర్రనీరు]

ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆ రోజు అందరూ రాసేది ఒకటే: "ఉగ్ర గోదావరి", కింద బ్యారేజీ ఫొటో. అదే రోజు కోనసీమలో, పి.గన్నవరంలో ఏ టీకొట్టు దగ్గరైనా కాసేపు నిలబడండి. జనం మాట్లాడుకునేది వేరుగా ఉంటుంది. "భద్రాచలంలో 43 అడుగులంట, ఆ నీళ్లు మన రేవుకి ఎప్పటికి దిగుతాయి?" "మొదటి హెచ్చరిక ఇంకా ఇవ్వనేలేదు, కనకాయలంక కాజ్‌వే అప్పుడే మునిగిందేంటి?" "పైన తగ్గుతోందంటున్నారు, మరి మన లంకలో తీయట్లేదెందుకు?" లంకంటే ఏటి మధ్య దిబ్బ, తీయడమంటే నీళ్లు తగ్గడం.

మూడు ప్రశ్నలు, మూడు వ్యాసాలు. ఈ పూట ఎవరికో కావాల్సిన సమాధానం, ఒకచోట రాసిపెట్టి లేని సమాధానం. నా లెక్కలో విషయమంటే అదేనండి. "గోదావరి వరదలు" అన్నది విషయం కాదు, అది పాఠ్యపుస్తకంలో అధ్యాయం పేరు.

సరే, మూడో ప్రశ్న రాద్దాం. సమాచారం ఎక్కడిది?

ముందు, ఆ సమాచారం మీద ఆధారపడి పని చేసేవాళ్ల దగ్గరకు వెళ్లాలి. లంకలో అరటి వేసిన రైతు, రేవులో పడవ నడిపే మనిషి. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లను అడిగితే చటుక్కున చెప్తారు: "పోటు మీదుందండి, ఏరు లాగట్లేదు." అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రపు పోటు ఎక్కువ. అప్పుడు వరద వస్తే కింద నీళ్లు త్వరగా దిగవు. గూగుల్‌లో పైనున్న ఆ నాలుగు వ్యాసాల్లో ఈ మాట మీకు దొరకదు.

అయితే ఇది ఆచూకీ మాత్రమే, రుజువు కాదు. వాళ్లు చెప్పారు కదా అని రాసేస్తే సగం పనే అయినట్టు. జలవనరుల శాఖ వరద బులెటిన్లు, కేంద్ర జలసంఘం వెబ్‌సైట్లో నీటిమట్టాలు, ఆటుపోట్ల వేళల పట్టిక, ఈ మూడూ పక్కపక్కన పెట్టి గంటలు సరిచూడాలి. కలిస్తే ధైర్యంగా రాయండి. కలవకపోతే ఆ ఊళ్లో కారణం ఇంకేదో ఉంది. నీళ్లు లంక పల్లంలో నిలిచిపోయాయేమో, మురుగు కాలువ ఎదురు తంతోందేమో. మళ్లీ వెళ్లి అడగాలి.

అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను, ఏటా ఇదే తప్పు కాపీ అవుతూ వస్తోంది. "10 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం పాలు" అని రాస్తారు. ఎంతసేపట్లో? క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 లీటర్లు. అది సెకనుకు ఎంత నీరు పారుతోందో చెప్పే కొలత. ఎన్ని నీళ్లు పోయాయో చెప్పాలంటే టీఎంసీల్లో చెప్పాలి, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 10 లక్షల క్యూసెక్కులు రోజంతా పారితే 86.4 టీఎంసీలు. ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది, గుణించి చూసుకోవచ్చు.

[తెరపై: గోడ మీద పాత వరద గుర్తు]

ఇప్పుడు పాత సంగతులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. నీళ్లు ఎంతవరకు వచ్చాయో తాతగారు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తు నమ్మండి. తేదీ మాత్రం నమ్మకండి. ఆ వరదా, 1996 నవంబర్ తుఫానూ చాలామంది జ్ఞాపకంలో కలిసిపోయాయి. తేదీ కోసం పాత పత్రికలు తిరగేయాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం ఉంది, ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన సంచికలున్నాయి. 1907 నాటి గోదావరి జిల్లా గెజెటీర్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అన్నట్టు, ఇప్పటి బ్యారేజీ ఫొటో పెట్టి "1852లో కాటన్ దొర కట్టింది" అని రాయకండి, దయచేసి. ఆయన 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసింది పాత ఆనకట్ట. 175 గేట్ల ఈ బ్యారేజీ 1982లో పూర్తయింది. కాటన్ మీద అంత గౌరవం ఉన్న మనమే ఈ తేడా చూసుకోకపోతే ఎలా?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆఫీసులో లెక్కలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. వాట్సాప్‌లో వచ్చిన వరద ఫొటో ఏ ఏడాదిదో తేలే దాకా వాడొద్దు, తేలాక కూడా తీసినవాళ్లను అడిగి వాడండి. రైతు చెప్పిన మాటలు వేసే ముందు ఆయనకు ఫోన్ చేసి ఆ ముక్క చదివి వినిపించండి, పేరు వేయొచ్చో లేదో అడగండి. అప్పుడు ఆయన "అది కాదండి, ఇంకోటుంది" అని మొదలుపెడతారు చూడండి, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఉంటానండి.